ఎక్స్ అనుకొనుము

“కావలసిన సంఖ్యను ఎక్స్ అనుకొనుము.” తెలుగు మాధ్యమంలో లెక్కలు చదువుకున్నవాళ్లంతా పరీక్ష కాగితం మీద ఎన్నోసార్లు రాసిన వాక్యం ఇది. అసలు లెక్క దీని తర్వాతే మొదలవుతుందనీ, ఇది రివాజుగా రాసే మాటేననీ అనిపిస్తుంది. కానీ బీజగణితంలో సాహసమంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ తర్వాత చేసేదంతా దానికి కట్టుబడి ఉండటమే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కాలేజ్ ఆల్జీబ్రా అనే తొలి ఏడాది కోర్సు ఒకటుంది. వర్గసమీకరణాలు, బహుపదులు, ప్రమేయాలు, సంవర్గమానాలు అందులో పాఠాలు. మన ఇంటర్మీడియట్ ఎంపీసీ పిల్లలు పదహారు, పదిహేడేళ్లకే వీటిలో చాలావాటిని దాటేస్తారు. అక్కడ మాత్రం వ్యాపారమో, నర్సింగో, మనస్తత్వశాస్త్రమో చదవబోయేవాళ్లు, బడిలో లెక్కలకు భయపడి తప్పుకున్నవాళ్లు, కొన్నేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ చదువుకు వచ్చినవాళ్లు కూడా ఆ తరగతిలో కూర్చుంటారు. ముప్పై ఏళ్ల మనిషి ఎక్స్‌ను మొదటిసారి తీరిగ్గా చూసినప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. అదేమిటో తెలియకుండానే దాన్ని కూడుతున్నాం, తీసేస్తున్నాం, హెచ్చవేస్తున్నాం. తెలియనిదాన్ని తెలిసినట్టు వాడుకోవడం నిజాయితీయేనా? మన పిల్లలకు ఆ ప్రశ్న అడిగే తీరిక దొరకదు. ఈ ప్రశ్న గణితానికి మాత్రమే చెందింది కాదు. కంటికి కనబడనిదాని గురించి మాట్లాడిన ప్రతి మతమూ, ప్రతి దర్శనమూ దీనికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఎక్స్‌తో పనిచేయడం నిజాయితీయేనని, పైగా శ్రద్ధ అని మనం పిలిచే గుణానికి అంతకంటే తేటగా కనిపించే అభ్యాసం మరొకటి లేదని నా వాదన.

తెలియనిదాన్ని వెతకడం అసాధ్యమనే వాదం చాలా పాతది. ప్లేటో రాసిన ‘మెనో’ సంభాషణలో మెనో అనే యువకుడు సోక్రటీసును దీనితోనే నిలదీస్తాడు. తెలిసినదాన్ని వెతకనక్కర్లేదు, తెలియనిదైతే దొరికినా అదేనని గుర్తుపట్టలేం. మన దగ్గర శంకరాచార్యులు బ్రహ్మసూత్రాల మొదటి సూత్రానికి భాష్యం రాస్తూ ఇదే చిక్కును తానే లేవనెత్తుతారు. బ్రహ్మం ప్రసిద్ధమా, అప్రసిద్ధమా? ప్రసిద్ధమైతే విచారణ అక్కర్లేదు, అప్రసిద్ధమైతే విచారణ కుదరదు. ఆయన ఇచ్చిన సమాధానం బీజగణితం చదివేవాళ్లకు ఎంతో దగ్గరది. బ్రహ్మం అందరికీ ఆత్మగా సామాన్యంగా తెలుసు; ‘నేను లేను’ అని ఎవరూ అనుకోరు. విశేషంగా అది ఎలాంటిదన్న దగ్గరే అభిప్రాయభేదాలు. దేహమే ఆత్మ అని కొందరు, మనసే అని కొందరు, శూన్యమని కొందరు. కాబట్టి విచారణకు చోటుంది. ఎక్స్ పరిస్థితి సరిగ్గా ఇదే. దాని విలువ మనకు తెలియదు. కానీ దాన్ని రెట్టింపు చేసి మూడు కలిపితే పదిహేడు వస్తుందని తెలుసు. అంటే దాని సంబంధాలు తెలుసు, చుట్టాలు తెలుసు, ముఖం తెలియదు. పూర్తిగా తెలియనిదాన్ని ఎవరూ ఎక్స్ అనుకోలేరు. కొంత తెలిసి, తెలియనిది ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పగలిగినప్పుడే ఆ పేరు పెట్టగలం. అందుకే ‘అనుకొనుము’ అన్న మాటలో మోసం లేదు. తెలిసిందింత, తెలియందింత అని ముందే ఒప్పుకునే మాట అది.

ఈ పోలిక నేను బలవంతంగా తెచ్చి అతికించింది కాదు. మన ప్రాచీన గణితజ్ఞులు అంకగణితాన్ని వ్యక్తగణితమనీ, బీజగణితాన్ని అవ్యక్తగణితమనీ పిలిచారు. అవ్యక్తం సాంఖ్యుల మాట; కనబడే ప్రపంచమంతా దేని నుంచి వెలువడిందో ఆ మూలప్రకృతికి వాళ్లు పెట్టుకున్న పేరు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’ మొదట్లో చేసిన నమస్కార శ్లోకంలో ఈ జంట అర్థాన్ని తెలిసే వాడుకున్నాడు. ఒకే మాటల్లో అక్కడ సాంఖ్యుల అవ్యక్తమూ ఉంది, ఈశ్వరుడూ ఉన్నాడు, గణితమూ ఉంది. వ్యక్తమైన సమస్తానికీ అవ్యక్తమే బీజమన్న మాట సృష్టికి ఎంత వర్తిస్తుందో లెక్కకూ అంత వర్తిస్తుందని ఆయన భావన. తెలియని రాశికి వాళ్లు పెట్టిన పేరు ఇంకా అందమైనది: యావత్తావత్, అంటే ఎంతయితే అంత. ఒకటి కంటే ఎక్కువ తెలియని రాశులుంటే వాటికి రంగుల పేర్లు పెట్టారు. కాలకం, నీలకం, పీతకం, లోహితకం. రాసేటప్పుడు యా, కా, నీ, పీ అని మొదటి అక్షరం వేస్తే చాలు. ‘ఎంతయితే అంత’ అనే మాటలో ఒక వినయం వినిపిస్తుంది. నువ్వు ఎంతవైతే అంతవే, నా కోరికను బట్టి మారవు, నిన్ను కనుక్కునేదాకా నీ చోటు నీకు అట్టేపెడతాను అన్నట్టుంటుంది. ఎక్స్ అన్న అక్షరంలో ఈ వినయం వినబడదు గాని పని అదే.

ఇప్పుడు భాస్కరుడి లెక్క ఒకటి దగ్గరగా చూద్దాం. ఒక కోతుల గుంపు. అందులో ఐదో వంతులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే ఎంతో, అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక్క కోతి మాత్రం కొమ్మెక్కి కనబడుతోంది. గుంపులో ఎన్ని కోతులు? సమీకరణం కట్టి సాధిస్తే రెండు జవాబులొస్తాయి, 50 అనీ 5 అనీ. యాభైలో ఐదో వంతు పది, మూడు పోతే ఏడు, ఏడు ఏళ్లు నలభై తొమ్మిది, కొమ్మ మీది కోతితో యాభై. సరిపోయింది. ఇక ఐదు చూడండి. ఐదులో ఐదో వంతు ఒకటి. ఒకటిలోంచి మూడు పోతే ఋణం రెండు. దాని వర్గం నాలుగు. కొమ్మ మీది కోతితో ఐదు. లెక్క ప్రకారం ఇదీ సరిపోయింది! అయినా భాస్కరుడు ఐదును పక్కన పెట్టాడు. ఒకే ఒక్క కోతిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? వ్యక్తమైన రాశి ఋణంగా ఉంటే లోకానికి దానిమీద ప్రతీతి ఉండదని ఆయన ఇచ్చిన కారణం. ప్రతీతి అంటే నమ్మకం, ఇది ఉన్నదే అనిపించడం. గణిత గ్రంథంలో ఈ మాట పడటం నాకు చాలా విలువైన సంగతిగా తోస్తుంది. భాస్కరుడికి ఋణసంఖ్యలంటే తెలియక కాదు. వాటి కూడికలకూ గుణకారాలకూ నియమాలను బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు. ధనం, ఋణం అని ఆస్తికీ అప్పుకీ ఉన్న పేర్లే సంఖ్యలకూ పెట్టాడు, తెలుగు లెక్కల పుస్తకాలు నేటికీ ఆ పేర్లే వాడుతున్నాయి. నియమం చెప్పిన జవాబును కూడా తొలి మాట దగ్గరికి తీసుకెళ్లి, ఇది కోతుల గురించి నిజమేనా అని అడగడం భాస్కరుడు చేసిన పని.

కాలేజ్ ఆల్జీబ్రా విద్యార్థి ఇంకో రకం అబద్ధపు జవాబును కూడా కలుస్తాడు. ఒక సంఖ్యకు ఆరు కలిపి వర్గమూలం తీస్తే మళ్లీ ఆ సంఖ్యే వచ్చిందనుకోండి. మూలం పోగొట్టడానికి రెండు పక్కలా వర్గం చేస్తాం. వర్గసమీకరణం వస్తుంది, సాధిస్తే 3, ఋణం 2 అని రెండు మూలాలు. మూడుకు ఆరు కలిపితే తొమ్మిది, దాని వర్గమూలం మూడు, బాగుంది. ఋణం రెండుకు ఆరు కలిపితే నాలుగు, దాని వర్గమూలం రెండు, ఋణం రెండు కాదు. ఇది తప్పు జవాబు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడా పొరపాటు చేయలేదే! మనం వేసిన న్యాయమైన అడుగే దాన్ని వెంట తెచ్చింది. వర్గం చేసిన క్షణాన ధనానికీ ఋణానికీ ఉన్న తేడా చెరిగిపోయింది. అందుకని చివర్లో సరిచూడాలి. కోతుల లెక్కలో జవాబు సమీకరణానికి సరిపోయి కథకు సరిపోలేదు. ఇక్కడ చివరి సమీకరణానికి సరిపోయి మొదటిదానికి సరిపోలేదు. నమ్మి నడవడం ఒక్కటే చాలదు, బయల్దేరిన చోటికి తిరిగొచ్చి మాట నిలబడిందో లేదో చూసుకోవాలని ఈ రెండూ వేర్వేరు దారుల్లో నేర్పుతున్నాయి.

తెలుగులో శ్రద్ధ అనే మాటకు ఒక అదృష్టం ఉంది. శాస్త్రాల్లో అది విశ్వాసం. గురువు మీద, వాక్యం మీద ఉంచే నమ్మకం. ‘శ్రత్’ అంటే సత్యం, దాన్ని ఉంచుకోవడం శ్రద్ధ అని సంప్రదాయ వ్యుత్పత్తి. ఇంట్లో వాడుక వేరు. “శ్రద్ధగా చదువుకో”, “ఒంటి మీద కాస్త శ్రద్ధ పెట్టు” అంటాం. ఇక్కడ అది ఏకాగ్రత, జాగ్రత్త. నమ్మకమూ జాగ్రత్తా ఒకే మాటలో ఇమిడిన భాష మనది. బీజగణితం ఈ రెంటినీ కలిపే అడుగుతుంది. నమ్మకం లేనివాడు మొదటి వాక్యమే రాయలేడు, జాగ్రత్త లేనివాడు చివరి వాక్యం రాయకూడదు. ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వే 1942లో బడి చదువుల గురించీ దైవప్రేమ గురించీ ఒక వ్యాసం రాసింది. ప్రార్థన అంటే అవధానమేనని, క్షేత్రగణిత సమస్యతో గంటసేపు కుస్తీ పట్టి ఓడిపోయినా ఆ గంట వృథా కాదని, ఆ అవధానశక్తి మరోచోట వెలుగై పనికొస్తుందని ఆమె వాదం. మన శ్రద్ధ అనే మాట లోపల ఇది ఎప్పటినుంచో ఉంది.

కానీ నా వాదానికి గట్టి అభ్యంతరం కూడా ఆమె దగ్గరే ఉంది. గణితజ్ఞుడు ఆంద్రే వేకి చెల్లెలు, భగవద్గీత కోసం సంస్కృతం నేర్చుకున్న మనిషి, ఆమె తన రాతల్లో డబ్బును, యంత్రాన్ని, ఆల్జీబ్రాను ఆధునిక నాగరికతను పీడించే మూడు భూతాలుగా ఒకే వరసలో నిలబెట్టింది. గుర్తులు తమంతట తామే నడుస్తాయి, మనిషి బుద్ధి వాటి వెనక కాపలావాడిలా మిగిలిపోతుందని ఆమె భయం. దీనికి ఎదురుగా ఇంగ్లండ్‌లో గణితజ్ఞుడు వైట్‌హెడ్ 1911లోనే, ఆలోచించకుండా చేయగల పనులు పెరిగేకొద్దీ నాగరికత ముందుకు సాగుతుందని రాశాడు. ఇద్దరిలో నేను సిమోన్ వే పక్కనే ఎక్కువసేపు నిలబడతాను. సూత్రాన్ని వల్లె వేసి, అంకెలు పెట్టి, జవాబు కింద గీత గీసే చదువు శ్రద్ధ కాదు. బట్టీ పట్టిన మంత్రానికీ బట్టీ పట్టిన సూత్రానికీ తేడా లేదు. మన ఎంసెట్ తరహా ప్రవేశ పరీక్షలు చూడండి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. నిమిషానికి పైచిలుకు కాలంలో ఒక్కో ప్రశ్నను ముగించాలి. అక్కడ పిల్లలు నేర్చే ఉపాయం ఏమిటంటే ఇచ్చిన నాలుగు ఆప్షన్లను ఒక్కొక్కటే సమీకరణంలో పెట్టి చూడటం. సరిచూడటం మిగిలింది, వెతకడం పోయింది. ‘అనుకొనుము’ అన్న సాహసమే ఆ పరీక్షకు అక్కర్లేదు. అయితే ఈ దోషం గుర్తుది కాదు. గుర్తును నడిపించి తిరిగి మొదటి వాక్యం దగ్గరికి రాకుండా వదిలేస్తే అది భూతమవుతుంది. తిరిగి వచ్చినప్పుడు అదే గుర్తు మన అవధానానికి చేతికర్ర. మధ్య దారిలో ప్రతి అడుగుకూ అర్థం తెలియకపోవడం తప్పు కాదు. బయల్దేరిన చోటు మరిచిపోవడం తప్పు.

ఇంకో అభ్యంతరం భక్తుల వైపు నుంచి వస్తుంది. ఎక్స్‌కు చివర్లో విలువ దొరుకుతుంది, పెట్టి చూసుకోవచ్చు. దేవుణ్ని అలా పెట్టి చూసే సమీకరణం ఎక్కడుంది? ఇలాంటి పోలికతో విశ్వాసాన్ని చిన్నబుచ్చుతున్నారని వాళ్లు అనవచ్చు. హేతువాదులు దీన్నే తిప్పి, లెక్కల తరగతి పేరు చెప్పి మతాన్ని దొడ్డిదారిన తెస్తున్నారని అనవచ్చు. ఇద్దరికీ జవాబు వెతకాలంటే ఐర్లండ్ తత్త్వవేత్త జార్జ్ బర్క్‌లీ దగ్గరికి వెళ్లాలి. 1732లో వచ్చిన ‘ఆల్సిఫ్రాన్’ అనే సంభాషణల గ్రంథంలో ఒక నాస్తికుడు, కృప అనే మాటకు మనసులో ఏ భావమూ మెదలదు కాబట్టి అది వట్టి శబ్దమని వాదిస్తాడు. దానికి సమాధానంగా బర్క్‌లీ పాత్ర, బలం అనే మాటకు మాత్రం ఏ భావం మెదులుతోందని, ఋణరాశికి వర్గమూలమని బీజగణితం వాడే గుర్తుకు ఏ రూపం ఊహించగలవని అడుగుతుంది. రూపం ఊహించలేకపోయినా ఆ గుర్తుతో పని జరుగుతోంది కదా అన్నది వాదం. ఇది సగం దూరమే వెళ్లిన జవాబని నేను అంటాను. పని జరగడం ఒక్కటే గీటురాయి అయితే దొంగస్వామి మాటతో కూడా పని జరుగుతుంది. ఋణరాశికి వర్గమూలాన్ని గణితం మాట మీద నమ్మి తీసుకోలేదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన ‘గణితసారసంగ్రహం’ రాసినాయన, ఋణరాశి స్వభావం చేతనే వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని స్పష్టంగా చెప్పాడు. 1545లో ఇటలీలో గణితజ్ఞుడు కార్డానో, మొత్తం 10, లబ్ధం 40 వచ్చే రెండు సంఖ్యలు వెతుకుతూ ఋణం 15 వర్గమూలం మీదకు వచ్చి పడ్డాడు. మనసు పడే బాధను పక్కన పెట్టి హెచ్చవేసి చూశాడు, నలభై వచ్చింది. వచ్చినా దానివల్ల ప్రయోజనం లేదనే అన్నాడు. ఇలా ఋణరాశి వర్గమూలం కలిసిన సంకీర్ణ సంఖ్యలకు ప్రతీతి కుదరడానికి మరో రెండు, మూడు వందల ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ గణితం వాటిని కాదనలేదు, తొందరపడి ఔననలేదు, వాడి చూస్తూ ఉంది. మతం విషయంలో సరిచూడటం అంటే అంకె పెట్టి చూడటం కాదని ఒప్పుకుంటాను. పోలిక అక్కడ ఆగిపోతుంది. కానీ శ్రవణం తర్వాత మననం, నిదిధ్యాసనం ఉండి తీరాలన్న ఉపనిషత్తు విన్నదగ్గరే ఆగిపొమ్మనలేదు. తిరిగి చూసుకోవడాన్ని నిషేధించే విశ్వాసాన్ని శ్రద్ధ అని పిలవడానికి నాకు మనసొప్పదు. హేతువాదితో కూడా ఇంతే చెబుతాను: ముందే ఏదీ అనుకోకుండా వెతుకుతానంటే ఒక్క సమీకరణం కూడా కట్టలేరు.

వీటన్నిటికంటే లోకానికి దగ్గరగా ఉండే అభ్యంతరం ఆండ్రూ హ్యాకర్‌ది. ఈ రాజనీతిశాస్త్ర ఆచార్యుడు 2012లో న్యూయార్క్ టైమ్స్‌లో ఆల్జీబ్రా అవసరమా అని అడిగి పెద్ద చర్చ లేపాడు. జీవితంలో ఎన్నడూ వాడని విషయాన్ని గోడలా కట్టి, దాటలేనివాళ్లను డిగ్రీకి దూరం చేస్తున్నారని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. డబ్బు కట్టి, క్రెడిట్ రాని రెమెడియల్ తరగతుల్లో ఏళ్లు గడిపి వెనుదిరిగే విద్యార్థికి మనం శ్రద్ధ గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2017లో ఉత్తర్వు ఇచ్చి మరుసటి ఏడాది నుంచి అలాంటి తరగతుల్ని ఎత్తేసింది, మంచి పని చేసింది. అయితే వాడకమే కొలత అయితే కవిత్వమూ పోవాలి, చరిత్రా పోవాలి. జల్లెడగా వాడటం మానాలి గాని, జల్లెడలో వేసిన గింజను పారబోయకూడదు. 1960ల్లో మిసిసిపీలో నల్లజాతివారి ఓటు నమోదు కోసం ప్రాణాలకు తెగించిన బాబ్ మోజెస్ 1980ల్లో ఆల్జీబ్రా ప్రాజెక్టు పెట్టి, ఓటు ఎలాంటి హక్కో ఆల్జీబ్రా అలాంటి హక్కని అన్నాడు. ఆయన పిల్లల్ని నల్లబల్ల ముందు కూర్చోబెట్టలేదు, బోస్టన్ మెట్రో రైలెక్కించాడు. ఎన్ని స్టేషన్లు, ఏ వైపు? ముందు ప్రయాణం, తర్వాత బొమ్మ, తర్వాత సొంత మాటల్లో వర్ణన, ఆఖరికి గుర్తు. ఎటు వెళ్లామన్న ప్రశ్నలోంచి ఋణసంఖ్య పిల్లలకు దొరికింది. భాస్కరుడి కాలపు లోకానికి కుదరని ప్రతీతి, రైలు దిగి వెనక్కి నడిచిన పిల్లవాడికి కుదిరింది.

అందుకే కాలేజ్ ఆల్జీబ్రా చెప్పే అధ్యాపకుడు కోతుల లెక్కకు 50 అని రాసిన విద్యార్థికి టిక్కు కొట్టి కాగితం తిరిగి ఇచ్చేయకూడదు. నీకు 5 కూడా వచ్చి ఉంటుందే, దాన్ని ఎందుకు కొట్టేశావని అడగాలి. ‘ఋణసంఖ్య రాకూడదు కాబట్టి’ అంటే, జవాబు 5 ధనసంఖ్యే కదా, ఋణం ఎక్కడుందో చూపించమనాలి. అప్పుడు ఆ విద్యార్థి పెన్ను పక్కన పెట్టి సమీకరణాన్ని వదిలి మళ్లీ గుంపు దగ్గరికి, గుహ దగ్గరికి, కొమ్మ మీద కూర్చున్న ఆ ఒక్క కోతి దగ్గరికి వెళ్లవలసి వస్తుంది. వెళ్లి, ఐదు కోతుల్లో ఐదో వంతు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు.